కొంచెం మాడిన పల్లీలు

చీమలు గడప దగ్గర బయలుదేరి, గోడ వెంబడి బారుగా నడిచి, మంచం కోడు ఎక్కి, మామగారి దిండు కిందికి పోతున్నాయి. సుమన చేతిలోని చక్కెర లేని చాయ్ గ్లాసును కిటికీలో పెట్టి, కాసేపు వాటినే చూస్తూ నిలబడింది. ఆమెకు విషయం అర్థమయింది. అయినా దిండు ఎత్తడానికి చెయ్యి రాలేదు.

ధనత్రయోదశి ఉదయం అది. నాందేడ్‌లో ఇత్వారా బజారు వెనకాల ఆ గల్లీలో అన్ని ఇళ్ళ ముందూ ముగ్గులు పడ్డాయి. ఈ ఒక్క ఇంటి ముందు మాత్రం నీళ్ళు చల్లి వదిలేశారు. అత్తగారు విమలాబాయి పోయి ఎనిమిది నెలలు. హోళీ పోయిన పదో రోజున, తెల్లవారుజామున, ఆమె గుండె ఆగిపోయింది. ఏడాది తిరిగేదాకా ఈ ఇంట్లో పండుగ లేదు. పొయ్యి మీద పండుగ మూకుడు పెట్టకూడదు, తీపి చేయకూడదు. అట్లాంటి ఇంటికి చుట్టాలూ ఇరుగుపొరుగు వాళ్ళూ తమ ఇంట్లో చేసిన ఫరాళ్ అనే పండుగ పిండివంటలు తెచ్చి ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. దుఃఖంలో ఉన్న ఇంటి పిల్లలు తీపి లేకుండా ఉండకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. రెండు రోజుల్లో ఏడు స్టీలు డబ్బాలు వచ్చాయి. ఒక్కో డబ్బా నిండా లడ్లు, కజ్జికాయల్లాంటి కరంజీలు, శంకర్‌పాళీలు.

ఆ ఇంట్లో మామగారు రాధాకిషన్‌కు పద్దెనిమిదేళ్ళుగా షుగరు. ఎడమ కాలి బొటనవేలికి రెండు నెలల కింద చెప్పు కొరికి పుండయింది. అది మానడం లేదు.

సుమన దిండు ఎత్తింది. విమలాబాయి పాత చీర చెంగును చింపిన గుడ్డలో ఏడు లడ్లు. బేసన్‌వి, రవ్వవి, బూందీవి... ఒక్కొక్క దానికీ ఒక్కటే కొరుకు. అంతకు మించి ఏదీ తిని లేదు.

గోడ పట్టుకుని కుంటుతూ వచ్చిన రాధాకిషన్ కోడలి చేతిలోని గుడ్డను చూశాడు. దొరికిపోయినవాడి కంగారు ఆయన ముఖంలో కనిపించలేదు. మెల్లగా వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"మామా... ఇదేంది?"

ఆయన కాలిని మెల్లగా మంచం మీదికి జరుపుకున్నాడు.

"డాక్టర్ ఏమన్నడు? భావుబీజ్ పండుగ తెల్లారి చూపియ్యాలె, అప్పటిదాక షుగర్ దిగకుంటే వేలు తీసుడే అన్నడు. మీ ముంగటనే అన్నడు కద!"

"ఇన్న బిడ్డా."

"మరి ఎందుకు మామా! గింత ఇన్నంక గూడ ఎందుకు!"

"తినలే బిడ్డా. కొరికి చూసిన, గంతే." రాధాకిషన్ తన కట్టు కట్టిన కాలిని చూసుకున్నాడు. "ఈ గల్లీల ఆడోళ్ళకు లడ్లు నేర్పింది ఎవరు? మీ అత్తనే కద... ఎవరి డబ్బాల్నన్న ఆమె చెయ్యి ఉంటదేమో అని చూసిన."

సుమన తిట్టాలనుకుంది. కానీ నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"దొరికిందా మామా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపుడులో నలభై మూడేళ్ళ కాపురం ఉంది...!

సుమన వంటింట్లోకి పోయి, ఏడు డబ్బాలనూ, వాటితో పాటు చక్కెర డబ్బానూ ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నడుముకు దోపుకుంది. ఈ బీరువాకు ఆమె తాళం వేయడం ఇది మొదటిసారి కాదు.

* * *

మధ్యాహ్నం బస్సుకు కుండల్‌వాడి నుంచి ఉమాబాయి వచ్చింది. రాధాకిషన్ పెద్దకూతురు, సుమనకు ఆడబిడ్డ. తల్లి లేని ఇంటికి కూతురు ఫరాళ్ తేవాలి కదా అని, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది ఎనిమిదో డబ్బా. ఆమె గడపలో ఉండగానే ఎదురింటి పెంటవ్వ అరుగు మీది నుంచి పలకరించింది.

"అగో, ఉమా! లడ్లు తెచ్చినవా? దాచిపెట్టు బిడ్డా, దాచిపెట్టు. మీ మరదలు బీరువాకు తాళమేసింది. పొద్దుగాల్ల నేను గ్లాసెడు చక్కెర అడుగుతానికి పోతె, నన్ను గూడ తాళం దిక్కే చూపిచ్చింది!"

పెంటవ్వ నవ్వులాటకే అన్నది. ఉమాబాయి ముఖం మాత్రం మాడిపోయింది. నేరుగా లోపలికి వచ్చి సుమన నడుముకున్న తాళంచెవిని చూసింది.

"మళ్ళ తాళమా? మా అమ్మకేసింది సాలలేదా, ఇగ మా బాపుకు గూడ ఏసినవా!"

"వదినా, కూసోండి. నీళ్ళు తాగుండ్రి. చెప్త..."

"ఏం చెప్తవ్! అర పోలె కోసం నోరు తెరిచి అడిగిందట మా అమ్మ, హోళీ పండుగ నాడు! వద్దన్నవట! పది రోజులకు పాయె! గంత తీపి తినే మనిషి... నోరు చప్పగ పెట్టుకుని పోయింది నా తల్లి!"

సుమన గోడకు ఆనుకుంది. అది అబద్ధమైతే జవాబు చెప్పేది. కానీ అది నిజం. షుగరున్న అత్తగారు అర పోలె, అంటే సగం బొబ్బట్టు, అడిగింది. వద్దు అత్తమ్మా అన్నది. అత్తగారు సరే బిడ్డా అని, ఖాళీ పళ్ళెం కడిగి బోర్లించింది... ఈ ఎనిమిది నెలల్లో ఆ పళ్ళెం చప్పుడు సుమనకు వినపడని రోజు లేదు.

దుకాణం నుంచి అన్నానికి వచ్చిన సుమన భర్త అంబదాస్ వాకిట్లోనే ఆగిపోయాడు. కిరాణా దుకాణంలో తక్కెడ ముల్లులాగా అక్కకూ భార్యకూ మధ్య అటూ ఇటూ చూశాడు.

"అక్కా, జర నిమ్మళం... దాని బాధ గూడ చూడు."

"నువ్వు మాట్లాడకు అంబూ! నువ్వు మాట్లాడేటోడివైతే అమ్మ గట్ల పోయేదే కాదు. భావుబీజ్ కాంగనే బాపును నా ఇంటికి తోల్కపోత. ఉన్నన్ని రోజులు నోటికి రుచిగ తిననీ."

లోపలి గదిలోంచి రాధాకిషన్ గొంతు వచ్చింది. పెద్దగా లేదు, కానీ అందరూ ఆగిపోయారు.

"నేనెక్కడికి రాను ఉమా. నీ డబ్బా వద్దు, వాళ్ళ డబ్బాలొద్దు. ఇగ బువ్వ గూడ వద్దు. నా గురించి కొట్లాడకుండ్రి."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఉమాబాయి కొంగు నోట్లో కుక్కుకుని, తెచ్చిన డబ్బాను అట్లాగే చంకలో పెట్టుకుని, నీళ్ళయినా తాగకుండా తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది.

* * *

రాధాకిషన్ మాట తప్పే మనిషి కాదు. మరునాడంతా పిలిస్తే పలికాడు గానీ పళ్ళెం ముందుకు జరిపితే వెనక్కి జరిపాడు. జొన్నరొట్టె రెండు ముక్కలు, పల్చని మజ్జిగ. అంతే. సూది మందు మాత్రం అలవాటు ప్రకారం తానే వేసుకున్నాడు.

లక్ష్మీపూజ నాటి సాయంత్రం గల్లీలో మొదటి టపాకాయ పేలినప్పుడు, పన్నెండేళ్ళ కూతురు ప్రాజక్త కేక వేసింది.

"అమ్మా! తాతకు చెమటలు పోస్తున్నయి! ఏందో ఏందో మాట్లాడుతున్నడు!"

సుమన పరుగెత్తింది. ఆయన ఒళ్ళు చల్లగా ఉంది, పెదవులు వణుకుతున్నాయి. ప్రాజక్త తాత వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్కను షుగరు చూసే మిషన్ పట్టీకి అంటించింది.

"అరవై రెండున్నది అమ్మా! షుగర్ పడిపోయింది!"

తినకుండా సూది వేసుకుంటే జరిగేది అదే. సుమనకు తెలుసు. బీరువా దగ్గరికి పోయి, నడుము నుంచి తాళంచెవి తీయబోతే అది చేజారి రెండుసార్లు కిందపడింది. చక్కెర డబ్బా తీసి, గ్లాసు నీళ్ళలో మూడు చెంచాలు కలిపి, మామగారి తలను తన చేతి మీద ఎత్తిపట్టి తాగించింది. ఏడాదిగా కాపలా కాసిన చక్కెరను ఈవేళ తన చేత్తోనే ఆ నోట్లో పోయవలసి వచ్చింది...! "తాగు మామా... జర తాగు... ఇంకొక్క గుటుక..."

పావుగంటకు ఆయన కళ్ళు తెరిచి, అందరినీ గుర్తుపట్టి, సిగ్గుపడ్డాడు. డాక్టరుకు ఫోన్ చేస్తే సూది మోతాదు తగ్గించి, ఏదో ఒకటి కడుపునిండా తినిపించమన్నాడు.

ఆ పూట సుమన ముద్ద మింగలేదు. వద్దు అని చెప్పడం ఒక్కటే తనకు వచ్చిన సేవ. వద్దు, తినొద్దు, ముట్టొద్దు. ఆ మాటతో అత్తగారిని కాపాడాననుకుంది, కాపాడలేకపోయింది. ఇప్పుడు మామగారికి అన్నం మీదే మనసు విరిగింది. ఆయన వెతుకుతున్నది చక్కెర కాదని ఆ ఏడు లడ్లూ చెబుతూనే ఉన్నాయి. చక్కెర కోసమైతే ఒక్కటైనా పూర్తిగా తినేవాడు!

"ఇగో, వింటున్నరా?" అంది భర్తతో. "రేప్పొద్దున నేను కుండల్‌వాడి పోత."

"పాడ్వా పండుగ నాడు? ఎందుకు?"

"మామకు తీపి చెయ్యాలె. మన ఇంట్ల చెయ్యొద్దు కద... వదినె ఇంట్ల చేస్త."

అంబదాస్ ఆమె ముఖంలోకి చూశాడు. "అక్క నిన్ను గడప తొక్కనిస్తదా?"

"తొక్కనియ్యకుంటే గడప బయట కూసుంట."

* * *

బిలోలి దాకా బస్సు. అక్కడి నుంచి పదిమంది పట్టే జీపులో పదిహేను మంది. ఒళ్ళో సంచిని పట్టుకుని సుమన కుండల్‌వాడిలో దిగేసరికి పది దాటింది. తలుపు తీసిన ఉమాబాయి, మరదలిని చూసి, కోపాన్ని మరచి ముందు బెదిరింది.

"బాపుకేమైంది?"

"మంచిగనే ఉన్నడు వదినా. నిన్న మాపు తినక షుగర్ పడిపోయింది. ఇప్పుడు లేసి కూసున్నడు."

ఉమాబాయి గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలింది. ఆ తరువాత కోపం గుర్తుకొచ్చింది. "మరి నువ్వెందుకచ్చినవ్?"

"మీ పొయ్యి కోసం అచ్చిన."

అట్లాంటి జవాబు ఉమాబాయి ఎదురుచూడలేదు. తలుపుకు అడ్డంగా ఉన్న చెయ్యి తీసింది.

వంటింట్లో సుమన సంచి విప్పింది. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, యాలకులు, నాందేడ్ వజీరాబాద్‌లోని మందుల షాపులో కొన్న చిన్న సీసా. అందులో తీపి ఆకు పొడి, స్టీవియా అంటారు. చెంచా చివరన నిలిచేంత వేస్తే చాలు, గిన్నెడు చక్కెర తీపి వస్తుందనీ, రక్తంలో చక్కెరను అది పెంచదనీ నిరుడు ఆసుపత్రిలో ఆహారం సంగతులు చెప్పే మేడం వివరించింది. కొన్నది గానీ సీసా మూత ఇంతవరకూ తీయలేదు. భయం.

మొదటి వాయి పల్లీలు వేయించి, పొట్టు ఊది, మిక్సీలో పొడి చేసి, ఆ ఆకు పొడి కలిపారు. ఉమాబాయి వేలితో నాకి చూసి, మొహం వంకర పెట్టింది.

"థూ! వేపాకు నమిలినట్టున్నది! గిది తింటే మా బాపు షుగర్ కాదు, ప్రాణమే దిగుతది!"

సుమన రుచి చూసింది. నిజమే. ఎక్కువైతే చేదు. రెండో వాయికి చిటికెలో సగం వేసింది. ఈసారి తీపి సరిగ్గా కుదిరింది. కానీ ముద్ద కట్టబోతే నిలవలేదు. వేళ్ళు తెరిస్తే పొడిపొడిగా రాలిపోయింది.

"పాకం లేకుంటే ముద్ద ఎట్ల నిలుస్తదే? పిట్టలకేసే గింజలున్నట్టున్నది." ఇష్టం లేని పని అంటూనే ఉమాబాయి కొంగు దోపుకుని పొయ్యి ముందుకు వచ్చింది. మూడో వాయి పల్లీలు మూకుట్లో పోసింది. "ఓ గుప్పెడు బెల్లం ఎయ్యి, మంచిగ కట్టుకుంటది. బెల్లమేమన్న చక్కెరనా?"

సుమన చేతిలోని గరిటె ఆగిపోయింది.

బెల్లమేమన్న చక్కెరనా... అచ్చం ఆ మాటే! నిరుడు ఇదే పండుగకు తాను అనుకున్న మాట అది. ఇక దాచి లాభం లేదు. దాచడం కోసం అయితే ఇంత దూరం రానవసరం లేదు.

"వదినా, మీకొక మాట చెప్పాలె. నిరుడు దీపావళికి అత్తమ్మ దవాఖానల పడ్డది కద..."

"పడదా మరి! ఎవరిదో పెండ్లిల దొంగతనంగ పేడాలు తిన్నది."

"అత్తమ్మ పేడాలు తినలే వదినా. ఏ పెండ్లికీ పోలే." సుమన గరిటెను పక్కన పెట్టింది. "నేను చేసిన లడ్లు తిన్నది. బెల్లం, ఖర్జూరపండ్లు ఏసి చేసిన. చక్కెర లేదు కద, షుగరున్నోళ్ళకు ఏం కాదు అనుకున్న. నాకు తెల్వదు వదినా... బెల్లం గూడ రక్తంలకు పోయినంక చక్కెరనే అని నాకు ఎవరూ చెప్పలే... మూడేండ్లకు మొదటిసారి తీపి తింటున్న అని ఎంత ఖుషీ అయిందో! 'నా కోడలు షుగర్‌నే ఓడగొట్టింది' అని గల్లీ అంతా చెప్పింది. పొద్దుకు రెండు, మాపుకు రెండు... నేనే వడ్డిచ్చిన, నా చేతులతోని..."

ఉమాబాయి పొయ్యిని వదిలి ఇటు తిరిగింది.

"మూడో దినం కండ్లు తిరిగి పడ్డది. దవాఖానల ఏం తిన్నరని అడిగితే, నేను నోరు తెరిచేలోపట్నే అత్తమ్మ చెప్పింది, 'పెండ్లిల పేడాలు తిన్న' అని. నన్ను చూసి కండ్లతోనే వద్దన్నది. నేను... ఊకున్న వదినా."

"ఆ మాట నిజమనుకుని నేను..." ఉమాబాయి పెదవి అదిరింది. "దవాఖానల అందరి ముంగట అమ్మను దొంగ అన్న! 'గింత వయసొచ్చినంక గూడ నోరు కట్టుకోలేవా, సిగ్గులేదా' అన్న! తల వంచుకుని నవ్వింది సుమనా... ఒక్క మాట అనలే, నవ్వింది..."

"నేనక్కడనే నిలవడ్డ వదినా. మీరు తిడుతుంటే ఇన్న. అప్పుడు గూడ నోరు తెరువలే."

ఉమాబాయి ముఖం పక్కకు తిప్పుకుంది.

"తర్వాత నాకు భయం పట్టుకున్నది. ఏది చూసినా విషం లెక్క కనవడ్డది. బీరువాకు తాళమేసిన. హోళీకి అర పోలె అడిగితే వద్దన్న. ఆ లడ్లకూ గుండె ఆగుడుకూ సంబంధం లేదని డాక్టర్ చెప్పిండు... చెప్పినా నాకు నిద్ర పట్టదు వదినా. కోపంతోని వద్దనలే. భయంతోని వద్దన్న..."

ఉమాబాయి లేచి, పెరటి తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది. రోలు పక్కన కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకుంది. సుమన వెంట పోలేదు. ఓదార్చే హక్కు తనకు లేదనిపించింది. నిలబడిన చోటే నిలబడి, చెంపల మీది నుంచి కారుతున్న దాన్ని తుడుచుకోవడం మరచి...

"మాడుతున్నయే! పల్లీలు మాడుతున్నయి!"

ఉమాబాయే పెరట్లోంచి పరుగున వచ్చి పొయ్యి ఆర్పింది. మూకుడు అడుగున ఉన్న గుప్పెడు పల్లీలు నల్లబడ్డాయి. మిగతావి ముదురు ఎరుపు. ఇల్లంతా మాడు వాసన. ఇద్దరూ మూకుడు వైపు చూస్తూ నిలబడ్డారు. ఉమాబాయి ముఖంలో ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"అమ్మ గూడ గిట్లనే... ఏ పండుగకన్న మాడకుండ ఏంచిందా? పొయ్యి మీద పల్లీలేసి, పెంటవ్వతోని ముచ్చట పెట్టేది. ముచ్చట ఒడిసేసరికి అడుగు మాడేది. బాపు తిట్టేటోడు..."

సుమన మూకుడు దించి, పారబోయడానికి పట్టుకుంది.

"పారెయ్యకు." ఉమాబాయి మూకుడు లాక్కుంది. "నల్లగయినయి తీసెయ్యి, సాలు. మిక్సీల ఎయ్యకు. అమ్మ రోట్ల దంచేది. ఏడిఏడిగ దంచితే పల్లీ నూనె కక్కుతది. గా నూనెతోనే ముద్ద నిలుస్తది. పాకమెందుకు, బెల్లమెందుకు?"

సుమన ఆడబిడ్డ ముఖంలోకి చూసింది. ఏదో అడగాలనుకుంది.

"నా కోపం పోలేదు సుమనా," అంది ఉమాబాయి, రోకలి అందిస్తూ. "పోతదో లేదో గూడ తెల్వదు. ముందు దంచు. సల్లగయితే నూనె రాదు."

పెరట్లో రోటికి అటొకరు, ఇటొకరు. రోకలి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారింది. పల్లీల మీద వేయించిన నువ్వులు, తురిమిన ఎండుకొబ్బరి, యాలకుల పొడి, చిటికెలో సగం ఆ ఆకు పొడి. దంచగా దంచగా పొడి మెల్లగా నలుపెక్కి, మెరిసి, రోలు అంచులకు అంటుకోవడం మొదలుపెట్టింది. ఉమాబాయి కొంత తీసి అరచేతిలో ఒత్తింది. ఉసిరికాయంత ముద్ద. వేళ్ళు తెరిచినా రాలలేదు.

"అమ్మ లడ్డు నిమ్మకాయంత ఉండేది," అన్నది.

"పల్లీలు గూడ ఎక్కువ తినొద్దు వదినా. రోజుకొకటి. ఇంతే ఉండాలె."

ఉమాబాయి మరదలి వైపు ఒక క్షణం చూసి, ముద్దను ఇంకొంచెం చిన్నది చేసింది.

* * *

భావుబీజ్ నాడు అక్కాతమ్ముళ్ళ హారతి లేదు. ఏడాది తిరగలేదు కదా. ఉమాబాయి మాత్రం పొద్దుటి బస్సుకే వచ్చి, తమ్ముడి తల మీద ఒట్టి చెయ్యి పెట్టి, "వచ్చేయేడు రెండు హారతులు ఇస్త, బాకీ ఉంచుకో" అంది. అంబదాస్ నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, మెంతికూర పళ్ళెంలో పెట్టి రాధాకిషన్ ముందు ఉంచారు. పళ్ళెం అంచున ఒక చిన్న ముద్ద. ఆయన దాన్ని చూసి, "తీపా? నాకెందుకు?" అన్నాడు.

"కొరికి చూడు బాపు," అంది ఉమాబాయి. "ఏడు కొరికినవట కద. ఇది ఎనిమిదోది."

ఆయన ఒక్క కొరుకు కొరికాడు. నమిలాడు. నమలడం ఆగింది. మళ్ళీ మెల్లగా మొదలైంది. ఆయన గడ్డం మీది తెల్ల వెంట్రుకల మధ్య నుంచి ఒక చుక్క జారి పళ్ళెంలో పడింది.

"పల్లీలు మాడినయి," అన్నాడు.

"అవును మామా... జర మాడినయి. చూసుకోలే..."

"నలభై మూడేండ్లు తిట్టిన దాన్ని. ముచ్చట్ల పడితే పొయ్యి కనవడదా అని... ఒక్క పండుగకు మాడకుండ ఏంచలే." ఆయన మిగిలిన సగం ముద్దను కళ్ళ ముందుకు తెచ్చుకుని చూశాడు. ఆ తరువాత కూతురినీ కోడలినీ మార్చి మార్చి చూశాడు. "గింత మాడాలంటే మస్తు ముచ్చట పెట్టుకోవాలె. ఇద్దరు ఏం మాట్లాడుకున్నరు?"

సుమన తల దించుకుంది. ఉమాబాయి గొంతు సవరించుకుంది. "అమ్మ ముచ్చటనే బాపు. పేడాల ముచ్చట."

"ఓ... గదా!" రాధాకిషన్ తల ఊపాడు. "నాకు తెల్సు."

సుమన ఉలిక్కిపడి చూసింది. "మామా!"

"దవాఖానలనే చెప్పింది నాకు. మీరంతా పోయినంక. 'కోడలు బెల్లమేసింది, పాపం దానికి తెల్వదు, నాకు తెల్వదు. నలుగురికి తెలిస్తే దాని మొకం చూడగలుగుతమా' అన్నది. ఇంకొక మాట గూడ అన్నది బిడ్డా. 'సుమన మస్తు బెదిరింది, ఇగ జన్మల తీపి చెయ్యదు. మెల్లగ దానికి ధైర్యం చెప్పి, మళ్ళ చెయ్యమనాలె' అన్నది. నన్ను చెప్పమన్నది. చెప్దామనుకుంటనే ఉన్న... ఇంతల ఆమె పోయింది. నాకు ఏదీ యాదికి లేకపాయె..."

సుమన మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. ఖాళీ పళ్ళెం కడిగి బోర్లించిన చప్పుడు ఎనిమిది నెలలుగా ఆమెను తిడుతూనే ఉంది. ఆ పళ్ళెం కడిగిన మనిషి తనను ఒక్కనాడూ తిట్టలేదు! మళ్ళీ చెయ్యమంది...! ఆమె భుజాలు కదిలిపోతుంటే, ఒక చెయ్యి వచ్చి వీపు మీద ఆగింది. ఉమాబాయి చెయ్యి. ఆమె దాన్ని తీసెయ్యలేదు.

రాధాకిషన్ మిగిలిన ముద్ద తిన్నాడు. రొట్టె తిన్నాడు. ఇంకో అర రొట్టె అడిగాడు.

రెండు గంటల తరువాత ప్రాజక్త తాత వేలికి సూది గుచ్చింది. ఉమాబాయి ఆ చిన్న మిషన్ మీదికి వంగి, అంకె పడేదాకా దేవుణ్ణి తలుచుకుంది.

"నూట అరవై ఎనిమిది!"

"అంటే మంచిదా, చెడ్డదా?"

"మంచిదే అత్తా! మొన్న డబ్బాలొచ్చిన రోజులల్ల మూడు వందలు దాటింది."

బీరువా తాళం తీసి, ఏడు డబ్బాలనూ సుమనే ఎదురింటికి మోసింది. పెంటవ్వ మూతలు తీసి చూసి బుగ్గ నొక్కుకుంది. "నా డబ్బా నాకే తెచ్చినవా! సరే, మంచిదే. ఇగ ఉమ చెప్పిన గా చేదాకు లడ్డు నాకు గూడ ఒకటి చూపియ్యి. షుగర్ నాకు లేదనుకున్నవా? పరీక్ష చేపిచ్చుకుంటె కద తెలిసేది!"

* * *

మరునాడు డాక్టరు కట్టు విప్పి, పుండును చాలాసేపు చూశాడు. అంచున ఎర్రగా కొత్త కండ కనిపిస్తోందనీ, షుగరు ఇట్లాగే పట్టులో ఉంటే వేలు తీసే పని ఉండకపోవచ్చనీ, పదిహేను రోజులకు మళ్ళీ చూపించమనీ అన్నాడు. రాధాకిషన్ బయటికి వచ్చి, ఆటోలో కూర్చుని, అయిదు వేళ్ళున్న తన కాలిని కొత్తగా చూసుకున్నాడు.

ఇంటికి చేరాక కోడలిని పిలిచాడు. ముఖంలో చిన్నపిల్లాడి జంకు.

"డాక్టర్ మంచిగనే చెప్పిండు కద బిడ్డా... గా ముద్ద ఇంకొకటి?"

"పొద్దున ఒకటి తిన్నరు కద మామా."

వద్దు అన్న మాట అలవాటుగా ఆమె నాలుక దాకా వచ్చింది. సుమన దాన్ని అక్కడే ఆపింది. బీరువా తలుపు వారగా తెరిచే ఉంది. తాళంచెవి దేవుడి గూట్లో, విమలాబాయి ఫోటో ముందర ఉంది. లోపల స్టీలు డబ్బాలో ఉమాబాయి లెక్కపెట్టి సర్దిన పన్నెండు చిన్న ముద్దలు.

"రేపు," అంది సుమన. "రేపు ఇస్త మామా."